ఓపిక లేని రాత్రుల వంట: ఒక్క కుక్కర్, ఒక్క పోపు

నిరుడు వానాకాలంలో మా అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్, పదకొండు రోజులు ఆసుపత్రి, ఆ తర్వాత ఇంట్లో రెండు నెలలు మంచం. ఆసుపత్రిలో పగలు మా చెల్లెలు, రాత్రి మా ఆవిడ ఉండేవాళ్లు. నేను ఆఫీసు నుంచి ఆసుపత్రికి వెళ్లి, అక్కణ్ణుంచి ఇంటికి చేరేసరికి ఎనిమిదిన్నర. ఇంట్లో ఏడో తరగతి చదివే మా అమ్మాయి ఆకలితో కూర్చుని ఉండేది.

మొదటి నాలుగు రాత్రులు బిర్యానీ తెప్పించాను. ఐదో రాత్రి అది పొట్లం విప్పకుండానే "నాన్నా, మామూలు అన్నం లేదా?" అంది. ఫ్రిజ్ తెరిస్తే వాడిపోయిన గోంగూర కట్ట, సగం కోసిన సొరకాయ, పెరుగు డబ్బా. తలుపు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాను. వంట రాక కాదు, నాకు పప్పూ చారూ వచ్చు. ఏం వండాలో తేల్చుకునే ఓపికే మిగల్లేదు. ఆ నిలబడ్డంతసేపట్లో ఒక ఎసరు మరిగి ఉండేది.

ఆ రెండు నెలల్లో కుదురుకున్న పద్ధతి ఇది. కొలతలన్నీ ముగ్గురికి. గ్లాసు అంటే ఇంట్లో నీళ్లు తాగే మామూలు స్టీలు గ్లాసు, 200 మిల్లీలీటర్లది.

ముందు భోజనం కొలత తగ్గించండి

మనకి భోజనం అంటే పప్పు, కూర, పచ్చడి, చారు, పెరుగు. అన్నీ లేకపోతే ఏదో లోటు జరిగినట్టుంటుంది. ఈ కష్టకాలం గడిచేదాకా రాత్రి భోజనం అంటే అన్నం, అందులో కలుపుకునేది ఒకటి, చివర పెరుగు. అంతే. కరకరలాడేది ఏదైనా కావాలంటే అప్పడం కాల్చండి. నూనె మూకుడు పెట్టకండి, ఆ మూకుడు తోమడం మళ్లీ ఒక పని.

నేను పెట్టుకున్న నియమం ఒకటే: రాత్రికి ఒక కుక్కర్, ఒక పోపు గరిటె. మూడో గిన్నె స్టవ్ ఎక్కాల్సి వస్తే ఆ వంటకం ఆ వారానికి కాదు.

ఇంకో మాట. ఇలాంటప్పుడు చుట్టాలు ఫోన్ చేసి "ఏమైనా తేవాలా?" అంటారు. మనం అలవాటుగా "అయ్యో, వద్దండీ" అంటాం. అనకండి. "ఒక సీసాడు కందిపొడి చేసి పెట్టండి పిన్నీ" అని నోరు తెరిచి అడగండి. పళ్లు అందరూ తెస్తారు, ఆసుపత్రి గదిలో యాపిల్స్ కుళ్లిపోతుంటాయి. పొడి ఇరవై రోజులు అన్నం తినిపిస్తుంది.

ఆదివారం ఒక్క గంట

వారం మొత్తానికి కూరలు వండి డబ్బాల్లో దాచడం నాకు అచ్చిరాలేదు. మూడో రోజుకి మొహం మొత్తుతుంది. వంటలో విసుగు పుట్టించే పనులు మాత్రం ముందే చేసి పెట్టుకుంటే చాలు.

కందిపొడి ఎవరూ ఇవ్వకపోతే మీరే చేసుకోండి, పావుగంట పని. ఒక గ్లాసు కందిపప్పు, పావు గ్లాసు శనగపప్పు, ఎనిమిది ఎండుమిరపకాయలు, ఒక చెంచా జీలకర్ర. మందపాటి మూకుట్లో నూనె లేకుండా సన్నని సెగ మీద పప్పులు వేయించండి. ఇక్కడ తొందరపడితే పప్పు పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, పొడి నాలుకకి పిండిలా తగులుతుంది. గరిటె ఆపకుండా కలుపుతుంటే ఎనిమిది, పది నిమిషాలకి పప్పు ఎర్రబడి ఇల్లంతా వాసన వస్తుంది. అప్పుడు మిరపకాయలు, చివర జీలకర్ర వేసి దించేయండి. వేడి గిన్నెలోనే వదిలేస్తే మాడుతుంది, పళ్లెంలోకి తీసి పూర్తిగా చల్లారనివ్వండి. ఉప్పు, అయిదారు వెల్లుల్లి రెబ్బలు వేసి మిక్సీ పట్టండి. తడి చెంచా పెట్టకపోతే నెల రోజులు ఉంటుంది.

చింతపండు గుజ్జు నిజంగా ప్రాణం కాపాడింది. రాత్రి పూట చింతపండు నానబెట్టి, పిసికి, పిప్పి తీసి పారేసే ఓపిక ఎవరికి ఉంటుంది? వంద గ్రాముల చింతపండుని గ్లాసు వేడినీళ్లలో అరగంట నానబెట్టి చిక్కగా పిండండి. కొంచెం ఉప్పు, పసుపు, రెండు చెంచాల నూనె వేసి, పైన నూనె తేలేదాకా పావుగంట ఉడికించండి. చల్లారాక గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు బేఫికర్. పప్పుకి ఒక చెంచా, చారుకి రెండు.

పోపు దినుసులు విడివిడిగా తీసే పని కూడా వద్దు. ఆవాలు, జీలకర్ర, మినపప్పు, శనగపప్పు కలిపి ఒకే డబ్బాలో పోసేయండి. మా అమ్మ మామూలుగా అయితే దీనికి ఒప్పుకోదు. శనగపప్పు ఎర్రబడేలోగా జీలకర్ర మాడుతుందంటుంది. నిజమే, కొంచెం మాడుతుంది. ఆ రెండు నెలలూ తిన్నవాళ్లెవరూ ఫిర్యాదు చేయలేదు.

దోశపిండి రుబ్బగలిగితే రుబ్బండి, లేకపోతే దుకాణంలో ప్యాకెట్ కొనండి. కరివేపాకు కడగకుండా రెబ్బలు దూసి, డబ్బాలో కాగితం వేసి ఫ్రిజ్‌లో పెడితే వారం దాటి ఉంటుంది. వాడేముందు కడుక్కోవచ్చు.

ఒకే కుక్కర్‌లో అన్నం, టమాటా పప్పు

ఇది మీకు చేతికి వస్తే సగం వారం గట్టెక్కినట్టే. అయిదు లీటర్ల కుక్కర్, అందులో ఒకదాని మీద ఒకటి పట్టే రెండు గిన్నెలు కావాలి.

1. ఇంటికి రాగానే, బట్టలు మార్చుకోకముందే, అర గ్లాసు కందిపప్పు కడిగి ఒకటిన్నర గ్లాసు నీళ్లలో నానేయండి. ఒక గ్లాసు బియ్యం కడిగి రెండు గ్లాసుల నీళ్లు పోసి పక్కన పెట్టండి. కొత్త బియ్యమైతే పావు గ్లాసు తగ్గించండి.

2. స్నానం చేసి రండి. ఆ ఇరవై నిమిషాల నానుడే పప్పుని మెత్తగా ఉడికిస్తుంది.

3. పప్పు గిన్నెలో మూడు టమాటాలు నాలుగేసి ముక్కలుగా కోసి వేయండి. నాలుగు పచ్చిమిరపకాయలు నిలువుగా చీల్చి వేయండి. చిటికెడు పసుపు, అర చెంచా నూనె. నూనె వేస్తే పప్పు నురగ పొంగి విజిల్‌కి అడ్డం పడడం తగ్గుతుంది. ఉప్పు, చింతపండు ఇప్పుడే వద్దు. చింతపండు పులుపు ముందే పడితే పప్పు బిర్రబిగుసుకుంటుంది.

4. కుక్కర్ అడుగున ఒకటిన్నర గ్లాసు నీళ్లు పోయండి. ఆ నీళ్లలోనే రెండు చిన్న బంగాళదుంపలు కడిగి పడేస్తే రేపటికి పనికొస్తాయి. చిల్లుల పళ్లెం పెట్టి, కింద పప్పు గిన్నె, పైన బియ్యం గిన్నె. బియ్యం మీద మూత పెట్టండి, లేకపోతే ఆవిరి నీళ్లు పడి అన్నం ముద్దవుతుంది.

5. మధ్యస్థం సెగ మీద అయిదు విజిల్స్. తర్వాత సిమ్‌లో అయిదు నిమిషాలు ఉంచి కట్టేయండి. ప్రెషర్ దానంతట అది దిగాలి. ఆకలిగా ఉందని విజిల్ ఎత్తితే పప్పు నీళ్లు గోడ మీదికి చిమ్ముతాయి. అది తుడిచే పని కూడా మీదే.

6. మూత తీశాక పప్పు గుత్తితో రెండు తిప్పులు తిప్పండి. ఉప్పు, ఒక చెంచా చింతపండు గుజ్జు కలపండి.

7. పోపు గరిటెలో రెండు చెంచాల నూనె కాగాక డబ్బాలోని పోపు దినుసులు ఒక చెంచా వేయండి. ఆవాలు చిటపటలాడి పప్పులు ఎర్రబడ్డాక రెండు ఎండుమిరపకాయలు, నలిపిన వెల్లుల్లి మూడు రెబ్బలు, కరివేపాకు, చిటికెడు ఇంగువ. గరిటెతో సహా పప్పులో ముంచేయండి. చుయ్ మన్న ఆ చప్పుడు వినగానే మా అమ్మాయి పుస్తకం మూసేసి కంచాలు పెట్టేది.

స్టవ్ దగ్గర మీరు నిజంగా నిలబడేది పది నిమిషాలు. మిగతాది కుక్కర్ చూసుకుంటుంది.

తిన్నాక మిగిలిన పప్పుని పారేయకండి, మళ్లీ పప్పుగానే పెట్టకండి. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు చారు చేయండి. రెండు గరిటెల పప్పుకి మూడు గ్లాసుల నీళ్లు, రెండు చెంచాల చింతపండు గుజ్జు, ఒక చెంచా చారుపొడి లేదా సాంబారు పొడి, ఉప్పు, చిన్న బెల్లం ముక్క. అయిదు నిమిషాలు తెర్లితే పప్పుచారు. పోపు పాతదే ఉంది, మళ్లీ అక్కర్లేదు. కుక్కర్ అడుగున ఉడికిన బంగాళదుంపలు తొక్క తీసి, ఉప్పు, కారం చల్లి పెనం మీద రెండు చెంచాల నూనెతో ఎర్రగా కాలిస్తే పక్కన నంచుకోవడానికి వేపుడు.

కిచిడీ, పచ్చిపులుసు

మాది గుంటూరు వైపు, మా ఆవిడది కరీంనగర్. పెళ్లయిన కొత్తలో కిచిడీ అంటే జ్వరం వచ్చినవాళ్లకి పెట్టేదనుకునేవాణ్ణి. వాళ్లింట్లో దానికి పచ్చిపులుసు తోడు పెడతారు. మెత్తని, చప్పని, వేడి అన్నం మీద పుల్లగా, కారంగా, చల్లగా ఉండే పులుసు. నోరు చచ్చిపోయిన రోజున ఇంతకంటే మందు లేదు.

ఒక గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు కలిపి కడగండి. నానబెట్టక్కర్లేదు. కుక్కర్‌లోనే నేరుగా రెండు చెంచాల నెయ్యి వేసి చెంచా జీలకర్ర, పది మిరియాలు, కరివేపాకు వేయించి, బియ్యం పప్పు వేసి ఒక నిమిషం తిప్పండి. పసుపు, ఉప్పు, నాలుగున్నర గ్లాసుల నీళ్లు. నాలుగు విజిల్స్. మూత తీసేసరికి కొంచెం జారుగా కనిపిస్తుంది, కంగారు పడకండి, వడ్డించేలోగా బిగుస్తుంది. రాయలసీమలో దీన్నే పులగం అంటారు, అక్కడ వేరుశనగ పచ్చడితో తింటారు. అదీ బాగుంటుంది గాని పచ్చడి నూరాలి.

విజిల్స్ వచ్చేలోగా పచ్చిపులుసు అయిపోతుంది. పేరులోనే ఉంది, దీన్ని కాచేది లేదు. మూడు గ్లాసుల నీళ్లలో రెండు చెంచాల గుజ్జు కలపండి. పచ్చి చింతపండు రసమైతే రుచి ఇంకా తేటగా ఉంటుంది, ఓపిక ఉన్న రోజు చూసుకోవచ్చు. ఒక పెద్ద ఉల్లిపాయ సన్నగా తరిగి, దాని మీద ఉప్పు వేసి చేత్తో బాగా పిసకండి. ఈ పిసకడంలోనే కిటుకు ఉంది: ఉల్లిపాయ ఘాటు, తీపి రెండూ నీళ్లలోకి దిగుతాయి. రెండు పచ్చిమిరపకాయల్ని స్టవ్ మంట మీద మచ్చలు పడేలా కాల్చి, అందులోనే నలపండి. కొత్తిమీర, చిటికెడు బెల్లం, వేయించిన నువ్వుల పొడి ఉంటే ఒక చెంచా. పైన జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు పోపు. ఇంట్లో దోశపెనం తప్ప ఏమీ తోమి లేకపోయినా ఇది చేయొచ్చు.

ఇంట్లో మంచం మీద ఉన్న మనిషి ఉంటే కిచిడీ ఇంకో లాభం. మిరియాలు లేకుండా చేసి, వాళ్ల వంతు తీసి ఇంకో అర గ్లాసు వేడినీళ్లు కలిపి మెదిపితే చాలు, వేరే వంట అక్కర్లేదు. డాక్టరు ఉప్పు, పప్పు మీద పథ్యం చెప్పి ఉంటే మాత్రం అదే పాటించండి.

మిగిలిన అన్నం

పొద్దున్నో రాత్రో ఒక గ్లాసు బియ్యం ఎక్కువే వండండి, కావాలనే. కానీ అన్నాన్ని స్టవ్ గట్టు మీద గంటల తరబడి వదలకండి. ఉడికినా చావని బీజాలు అన్నంలో ఉంటాయి. గోరువెచ్చగా బయటే ఉంచితే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. తినగానే వెడల్పాటి గిన్నెలో పరిచి, ఆవిరి పోయాక, గంట రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాటితో అయిపోవాలి.

ఆ చల్లని, పొడిపొడి అన్నం నిమ్మకాయ పులిహోర కోసమే పుట్టినట్టుంటుంది. ఒక గ్లాసు బియ్యం అన్నానికి మూడు చెంచాల నూనె. అందులో గుప్పెడు పల్లీలు ముందు వేయించి, ఆ తర్వాత పోపు దినుసులు, ఎండుమిర్చి, పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ, పసుపు. అన్నం వేసి పొగలు వచ్చేదాకా బాగా వేడిచేసి స్టవ్ కట్టేయండి. రెండు నిమిషాలు ఆగి రెండు నిమ్మకాయలు పిండండి. మంట మీద ఉండగా పిండితే చేదెక్కుతుంది, నేను రెండుసార్లు చేదు పులిహోర తిని నేర్చుకున్నాను.

గుడ్లు తినే ఇల్లైతే పులిహోర కూడా అక్కర్లేదు. రెండు ఉల్లిపాయలు, రెండు పచ్చిమిర్చి వేగాక నాలుగు గుడ్లు కొట్టి పోసి, ఉప్పు, కారం, పసుపు, చిటికెడు మిరియాల పొడి. గుడ్డు పొరటు ఏడు నిమిషాల్లో కంచంలో ఉంటుంది. వేడిచేసిన అన్నంలో కలుపుకున్నా, చపాతీలో చుట్టుకున్నా సరే.

పిండి ఉన్న రోజు: దిబ్బరొట్టె

దోశలు ఒక్కొక్కటీ పోస్తూ అరగంట స్టవ్ దగ్గర నిలబడాలి. కాళ్లు లాగుతున్న రోజు దిబ్బరొట్టె వేయండి, గోదావరి జిల్లాలవాళ్లకి చెప్పక్కర్లేదు. దీనికి దోశపిండి కంటే గట్టిగా ఉండే ఇడ్లీ పిండి బాగుంటుంది. మందపాటి ఇనప మూకుట్లో రెండు చెంచాల నూనె పోసి అంతటా తిప్పి, కాగాక పిండి అంగుళం మందం పోసేయండి. మూత పెట్టి, స్టవ్ అతి సన్నని సెగకి తగ్గించండి. పావుగంట దాని జోలికి పోకండి. వంటగదిలోనే కుర్చీ వేసుకుని కూర్చోండి చాలు. అంచులు ఎర్రబడి మూకుడు వదిలాక ఒకసారి తిరగేసి ఇంకో అయిదు నిమిషాలు. అడుగు గట్టిగా కరకరలాడుతూ, లోపల దూదిలా ఉంటుంది. మూడు ముక్కలు కోసి, కందిపొడిలో నూనె కలిపి నంచుకోండి. ఆవకాయతో అయితే ఇంకా బాగుంటుంది.

స్టవ్ వెలిగించలేని రోజు

అలాంటి రోజు వస్తుంది. వీధి చివర కర్రీ పాయింట్ ఉంటుంది కదా, దాన్ని చిన్నచూపు చూడకండి. ఇంటికి బయల్దేరేముందు ఫోన్ చేసి పిల్లలతో ఒక గ్లాసు బియ్యం రైస్ కుక్కర్‌లో పెట్టించండి, మీరు దారిలో ఒక పప్పు, ఒక వేపుడు కట్టించుకోండి. ఎనిమిది దాటితే వేపుళ్లు అయిపోతాయి. రాత్రి పొద్దుపోయాక పెరుగుతో చేసినవి నేను తీసుకోను, పొద్దున్నుంచి ఎంత ఎండలో ఉందో తెలియదు. బిర్యానీకి పెట్టే డబ్బుకంటే తక్కువలో ఇంటన్నం తిన్నట్టుంటుంది, పొద్దున కడుపు బరువుగా ఉండదు.

అదీ కుదరకపోతే పెరుగన్నం. వేడి అన్నాన్ని గరిటెతో మెదిపి, కాసిని పాలు పోసి, గోరువెచ్చనయ్యాక పెరుగు, ఉప్పు కలపండి. పాలు పోస్తే తినేదాకా పులవదు. నంచుకోవడానికి నిమ్మకాయ ఊరగాయ, మామిడికాయల కాలమైతే ఒక బద్ద మామిడిపండు. అన్నం కూడా లేదా? అటుకులు కడిగి పిండి అదే పెరుగులో వేయండి. అది కూడా భోజనమే.

ఫ్రిజ్ మీద కాగితం, సింకులో గిన్నెలు

ఆదివారం సాయంత్రం వారం రోజులకీ రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. మాది ఇలా ఉండేది. సోమవారం టమాటా పప్పు, మంగళవారం పప్పుచారు, బుధవారం కిచిడీ పచ్చిపులుసు, గురువారం దోశలో దిబ్బరొట్టో, శుక్రవారం పులిహోర, శనివారం కర్రీ పాయింట్, ఆదివారం గుడ్లు. మంగళవారం, శనివారం మా ఇంట్లో గుడ్డు ముట్టరు కాబట్టి అలా కుదిర్చాం, మీ ఇంటి వారాలు మీవి. ప్రతి వారం కొత్తగా ఆలోచించకండి, అదే కాగితం తిప్పండి. రెండు నెలలు అదే తిన్నంత మాత్రాన ఎవరికీ ఏమీ కాలేదు. రాత్రి ఎనిమిదిన్నరకి మీరు చేయాల్సింది ఆ కాగితం చదవడం, అంతే.

గిన్నెల సంగతి. తినగానే కుక్కర్ గిన్నెల్లో నీళ్లు పోసి వదిలేయండి. ఎండిన పప్పు గీకడం పొద్దున పదినిమిషాల పని, నానింది చేత్తో తుడిస్తే పోతుంది. విజిల్ మాత్రం ఆ రాత్రే పంపు కింద పట్టి, రంధ్రంలోంచి వెలుగు కనిపిస్తోందో లేదో చూడండి. పప్పు పొట్టు అడ్డం పడితే మర్నాడు ప్రెషర్ ప్రమాదం.

రెండో నెల చివర అమ్మ చేతికర్ర పట్టుకుని మొదటిసారి వంటింట్లోకి వచ్చింది. ఫ్రిజ్ మీది కాగితం కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివింది. ఏమీ అనలేదు. మర్నాడు చూస్తే గురువారం దగ్గర, దోశ పక్కన, పెన్సిల్‌తో "అల్లం పచ్చడి" అని రాసి ఉంది. ఎవరు నూరాలో మాత్రం రాయలేదు.